పదకొండు వేల మూడు వందల ఆరు గడపలు

పోయిన వారం మీరు పేజీ తిప్పేసి మీ పనుల్లోకి వెళ్ళిపోయారు. నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. వాషింగ్టన్‌లో, కాంగ్రెస్ సబ్‌కమిటీ గదిలో, సాక్షుల బల్ల దగ్గర, మైకు ముందు, నోరు ఎండిపోయి.

కొత్తగా చదవబోయేవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పేసి ముందుకు పోతాను. నా పేరు ఆర్డిత్ బెల్నాప్. వయసు అరవై ఒకటి, ఇప్పుడుండే ఊరు అయోవాలో డావెన్‌పోర్ట్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మగపిల్లలందరూ పటాలంలోకి పోతే, టెలిగ్రాం కంపెనీవాళ్ళు మాలాంటి ఆడపిల్లలకి ఒక టోపీ, ఒక సైకిలు ఇచ్చి ఊళ్ళ మీదికి తోలారు. కొడుకు పోయాడని, మొగుడు పోయాడని యుద్ధశాఖ కొట్టిన టెలిగ్రాములు ఇళ్ళకి పట్టుకెళ్ళింది మేమే. మమ్మల్ని చూసి వీధి వీధంతా తలుపులు మూసుకునేది. ‘కాకులు’ అని పేరు పెట్టారు. ఆ టెలిగ్రాం ఆడవాళ్ళం పెట్టుకున్న సంఘానికి అధ్యక్షురాలు, ఓపల్ ట్రెంథమ్‌ని సొంత మేనత్తే చర్చిలో పక్కన కూర్చోనివ్వలేదు. మేం ఎవరినీ చంపలేదమ్మా, దేశం పంపిన కబురు మోశాం, అంతే. ఆ ఒక్క ముక్క దేశమే తన నోటితో చెప్పాలని, కాంగ్రెస్ నుంచి ఫెడరల్ సనదు కోసం పన్నెండేళ్ళుగా తిరుగుతున్నాం. అందులో మాకు డాలరు కూడా రాదు. ఫలానా సంఘం ఉంది, ఫలానా పని చేసింది అని చట్టంలో రాసిపెడతారు. మాకు అది చాలు. ఇక మీదట ఎవరికీ సనదులు ఇవ్వకూడదని సబ్‌కమిటీలో మాట నడుస్తోంది. ఈ రోజు కాకపోతే ఇక లేదన్నమాట.

అలాంటి రోజున, గార్డ్‌నర్ స్టిక్నీ అనే కాంగ్రెస్ సభ్యుడు మా దరఖాస్తు చేతిలో పట్టుకుని అందులో ఒక అంకె పైకి చదివాడు. ఆ అంకె వేసింది నేను. సంఘం కార్యదర్శిని నేనే.

"మిసెస్ బెల్నాప్, మళ్ళీ అడుగుతున్నాను. మీ సంఘంలో బతికున్న సభ్యులు ఎంతమంది?"

"ఆరు వందల ముప్ఫై తొమ్మిది మంది, సార్."

"సంతోషం. మరి ఇక్కడ ‘సభ్యుల సంఖ్య’ అన్నచోట ఏం రాశారు?"

"పదకొండు వేల మూడు వందల ఆరు."

"తక్కిన పదివేల ఆరు వందల అరవై ఏడు మందీ ఎక్కడున్నారు? కాఫీకి వెళ్ళారా?"

విలేకరుల బల్ల దగ్గర నవ్వులు. స్టిక్నీ నవ్వలేదు. యాభై దాటిన మనిషి, పొడుగ్గా, ఇస్త్రీ చేసి నిలబెట్టినట్టు ఉంటాడు. "కాంగ్రెస్‌కి రాసిచ్చిన కాగితంలో అబద్ధం రాయడం నేరం. తెలుసు కదా?" అన్నాడు. చావు కబురు చల్లగా చెప్పడం మా వృత్తి. ఈయన దాన్ని మాకే తిప్పి చెప్తున్నాడు.

బల్ల కింద ఓపల్ నా తొడ మీద గట్టిగా గిల్లింది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, కెంటకీ కొండల పుట్టుక, చెయ్యి చూస్తే రొట్టెల కర్ర.

"నిజం చెప్పేయవే" అంది పళ్ళ సందుల్లోంచి. "అబద్ధమాడే మొహమా నీది? చెప్పు."

సరే, చెప్పేశాను.

"తప్పు నాదే సార్. కానీ కావాలని చేసింది కాదు. మా సంఘంలో ‘మనం ఎంతమందిమి?’ అని అడిగితే ఎవరూ మనుషుల్ని లెక్కపెట్టరు. గడపలు లెక్కపెడతారు. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా మీటింగ్ పుస్తకంలో ‘బలం’ అన్నచోట నేను రాసేది గడపల లెక్కే. మీ కాగితం మీద కూడా చెయ్యి అలవాటుగా అదే రాసేసింది."

"గడపలా?"

"టెలిగ్రాం పట్టుకెళ్ళిన ఇల్లు. ఏ గడపకి మేం ఆ కబురు తీసుకెళ్ళామో, ఆ గడప ఇక మాదే. ఏడాదికోసారి, అదే తారీకున, మళ్ళీ వెళ్ళి తలుపు తడతాం. ఈసారి చేతిలో కాగితం ఉండదు. కేకో, రొట్టో ఉంటుంది. కూర్చోమంటేనే కూర్చుంటాం. పోయినవాడి పేరు వాళ్ళు ఎత్తేదాకా మేం ఎత్తం. వాళ్ళు వద్దు పొమ్మంటే పోయి, మరుసటేడు మళ్ళీ వెళ్తాం. ఆ ఇంట్లో ఆ అబ్బాయిని ఎరిగినవాళ్ళు ఒక్కరు మిగిలున్నా గడప తెరిచున్నట్టే. ఇవాళ్టికి అలా తెరిచున్నవి పదకొండు వేల మూడు వందల ఆరు."

స్టిక్నీ కళ్ళజోడు సర్దుకున్నాడు.

"అంటే కేకులు పంచే ఇళ్ళ జాబితా."

"అన్నిచోట్లా కేకులే కాదు సార్. యూటాలో మా సభ్యురాలు ఒకావిడ దోసకాయ పచ్చడి పట్టుకెళ్తుంది. ఆవిడ కేకు చేస్తే వాళ్ళు తలుపు తియ్యరు."

ఈసారి సబ్‌కమిటీ అధ్యక్షుడే నవ్వాడు. ఆయన పేరు ఎల్డన్ క్రౌథర్. చెవిలో మిషను, కడుపులో భోజనం వేళ. పొద్దుటినుంచీ గడియారం కేసి చూస్తున్న పెద్దాయన మొదటిసారి మాకేసి చూశాడు.

"ఈ గడపలన్నీ నిజంగా ఉన్నాయని రుజువేమిటమ్మా?" అని అడిగాడు.

రుజువు వాళ్ళ దగ్గరే ఉంది. ఒక్కో గడపకి ఒక్కో కార్డు, వంటల చీటీలు పెట్టుకునే రేకుపెట్టెల్లో పెట్టి, వారం ముందే సబ్‌కమిటీకి అప్పగించాం. ముప్ఫై ఎనిమిది పెట్టెలు. వాటిని తోపుడు బండి మీద లోపలికి తెచ్చారు. మా వంటిళ్ళ రేకుపెట్టెలు, వాటి మీద కోడిపుంజుల బొమ్మలూ, స్ట్రాబెర్రీ పళ్ళ బొమ్మలూ, ఆ పాలరాతి గదిలోకి వస్తుంటే నాకు కొంచెం సిగ్గేసింది, చాలా గర్వమేసింది.

"కార్డులు ఎవరైనా రాయొచ్చు" అన్నాడు స్టిక్నీ. "నేను మూడు తీస్తాను. ఆ గడప ఎవరిదో వాళ్ళు లేచి చెప్పాలి. కాగితం చూసి చదవకూడదు."

ఆ రోజు మావాళ్ళు ఎనభై ఎనిమిది మంది వచ్చారు, పదహారు రాష్ట్రాల నుంచి. ఆరు వందల పైచిలుకు మందిలో ఎనభై ఎనిమిది. ఆయన తీసిన కార్డు మనిషి ఈ గదిలో ఉండాలని ఎక్కడుంది? ఓపల్ మాత్రం "తియ్యి బాబూ, తియ్యి" అంది, సంతలో గుమ్మడికాయ ఏరుకోమన్నట్టు.

మొదటి కార్డు. "టోలివర్ కుటుంబం. యంగ్స్‌టౌన్, ఒహాయో."

నాలుగో వరసలో వెర్డెల్ ఓక్స్ లేచింది. సన్నగా పుల్లలా ఉంటుంది, గొంతు మాత్రం గంట.

"నాదే. నలభై అయిదు మార్చి ఆరు, మంగళవారం. మధ్యాహ్నం రెండయిందేమో. ఆవిడ పెరట్లో బట్టలారేస్తోంది. నోట్లో క్లిప్పు పెట్టుకునుంది. కాగితం మొత్తం చదివేదాకా ఆ క్లిప్పు తియ్యలేదు. చదివాక తీసి, నాకిచ్చి, ‘ఆ దుప్పటి కాస్త పట్టుకో అమ్మాయ్’ అంది. ఇద్దరం కలిసి ఆరేశాం. ఇప్పుడావిడ లేదు, కూతురుంది. ఈ మార్చిలో వెళ్తే ఆ పిల్లకి మోకాలి ఆపరేషనయింది. పిల్లంటే యాభై ఆరేళ్ళనుకోండి. కాఫీ నేనే పెట్టా. పంచదార డబ్బా ఎక్కడుంటుందో నాకు తెలీకపోతే కదా."

రెండో కార్డు. "వీయారియల్ కుటుంబం. లరేడో, టెక్సాస్."

"లరేడో కాదు సార్, ఇప్పుడు ఫ్రెస్నో" అంటూ ఇగ్నేసియా బార్రెరా లేచింది. పొట్టి మనిషి, లేచినా కూర్చున్నట్టే ఉంటుంది. "కార్డు వెనక్కి తిప్పండి, రాసుంటుంది. వాళ్ళు కాలిఫోర్నియా మారిపోయారు. మనుషులెక్కడుంటే గడపక్కడే. రెండు రోజులు బస్సులో పోతా."

"రెండు రోజులా? ప్రతి ఏడూనా?" అన్నాడు అధ్యక్షుడు.

"వాళ్ళు ఎదురుచూస్తారు కదా సార్. ముసలాయనకి తొంభై రెండు. నాతో డామినోలు ఆడి, ఓడిపోయి, నాది దొంగాటంటాడు. పోయినేడు నిజంగానే దొంగాట ఆడా. కనిపెట్టలేదు పాపం."

గది గొల్లుమంది. విలేకరులు రాసుకోవడం మొదలుపెట్టారు. ఓపల్ నా చెవిలో "రెండయ్యాయి" అంది. నేను వేళ్ళు ముడేసుకుని కూర్చున్నాను.

మూడో పెట్టె తీయడానికి స్టిక్నీ చాలాసేపు తీసుకున్నాడు. కోడిపుంజు బొమ్మ ఉన్న పెట్టె అది. కార్డు తీసి, ముందు తనలో తను చదువుకుని, తర్వాత పైకి చదివాడు.

"మెక్‌ఆర్డిల్ కుటుంబం. బ్యూట్, మోంటానా."

ఎవరూ లేవలేదు.

ఆ కార్డు మీద ఎవరి పేరుంటుందో నాకు తెలుసు, రాసింది నేనే కాబట్టి. ఫ్లోసీ డ్యూరన్. తొమ్మిది రోజుల క్రితం, వాషింగ్టన్ ప్రయాణానికి పెట్టె సర్దుకుంటూ, మంచం మీద అలాగే ఒరిగిపోయింది. మేం బస్సులో ఒహాయో దాటుతుండగా ఆవిణ్ణి సమాధి చేశారు.

"లేరా?" అన్నాడు స్టిక్నీ. "ఇంకోసారి చదవమంటారా? మెక్‌ఆర్డిల్, బ్యూట్. లేరు. ఇది ఖాళీ గడప. మూడింట్లో ఒకటి ఖాళీ. అధ్యక్షా, ఈ లెక్కన పదకొండు వేలల్లో ఎన్ని ఖాళీయో లెక్క కట్టుకోండి. ఇలాంటి కాగితం మీద కాంగ్రెస్ ముద్ర వేద్దామా?"

అధ్యక్షుడు పెన్సిలుతో బల్ల మీద కొట్టుకున్నాడు. ఆయన పక్కనున్న కమిటీ సభ్యురాలు కాగితాలు సర్దడం మొదలుపెట్టింది. పన్నెండేళ్ళు ఈ ఆఫీసుల చుట్టూ తిరిగినదాన్ని, కాగితాలు సర్దడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. అయిపోయిందనుకున్నాను. నా చేత్తో నేనే పాడుచేశాననుకున్నాను. ఒక అంకె, ఒక్క దిక్కుమాలిన అంకె.

అప్పుడు ఓపల్ లేచింది. బల్ల మీద రెండు చేతులూ ఆనించి, కుర్చీ కిర్రుమనేలా.

"అధ్యక్షా, మా ఫ్లోసీ చచ్చిపోయి తొమ్మిది రోజులైంది. మేం ఇక్కడికి రావాలి కనక సమాధి దగ్గర ఉండలేకపోయాం. మామూలుగా గడపలు అక్కడే అప్పజెప్పుకుంటాం. మట్టి వేసేలోపు. ఈసారి కుదర్లేదు. మీరు రెండు నిమిషాలిస్తే ఆ పని ఇక్కడే కానిస్తాను."

"ఇక్కడా?" అన్నాడు స్టిక్నీ.

"ఖాళీ అన్నది తమరే కదా బాబూ. ఖాళీ అన్నాక చూస్తూ కూర్చోమంటారా?"

అధ్యక్షుడు చెవి మిషను సరిచేసుకున్నాడు. "కానివ్వండి" అన్నాడు.

ఓపల్ టోపీ తీసేసింది. టెలిగ్రాం ఇచ్చేటప్పుడు టోపీ తీయాలని మాకు రూలు, ఇప్పటికీ గడపల మాట వస్తే తీస్తాం. వెనక ఎనభై ఆరు టోపీలు ఒక్కసారి తీసిన చప్పుడు వినబడింది. నాదీ తీసేశాను.

"ఫ్లోసీ డ్యూరన్ వెళ్ళిపోయింది" అంది ఓపల్, మైకు అక్కర్లేని గొంతుతో. "ఆమె గడపలు పదిహేడు. బ్యూట్‌లో గని కార్మికుల వీధి, మెక్‌ఆర్డిల్ వాళ్ళ ఇల్లు. తల్లి పోయింది, చెల్లెలుంది. నవంబరు ఇరవై. ఎవరు తీసుకుంటారు?"

నేను లేచాను. ఆలోచించి లేవలేదు, కాళ్ళే లేచాయి. నా వెనక కుర్చీలు జరిగిన చప్పుడు మొదలైంది, ఒకటి, పది, తర్వాత లెక్కపెట్టలేనంత. వెనక్కి తిరిగి చూస్తే, కూర్చున్నవాళ్ళు లేరు. మోకాళ్ళ నొప్పుల వెర్డెల్, కర్రతో నడిచే మాబెల్, ఊపిరాడకపోయినా సిగరెట్టు మానని పెర్లీన్, అందరూ. ఎనభై ఎనిమిది మంది ముసలాళ్ళం, టోపీలు చేత్తో పట్టుకుని, ‘నేను’, ‘నేను’, ‘నేను’.

ఇక అక్కణ్ణించి మా అసలు రంగు బయటపడింది.

"నాది స్పోకేన్. బ్యూట్‌కి అందరికంటే దగ్గర నేనే" అందొకావిడ.

"నీకు ఇప్పటికే ముప్ఫై ఒకటున్నాయి. కూర్చోవే, ఆశకి అంతుండాలి."

"దానికి కారు నడపడం రాదు. నవంబర్లో మంచులో ఎలా పోతుంది?"

"రైలుంది లేవే. నీకేం, నీకు కొడుకు కారు తోలతాడు."

"పదిహేడూ ఒక్కదానికే ఎందుకు? పంచండి. న్యాయంగా పంచండి."

అధ్యక్షుడు సుత్తి కొట్టాడు. ఎవరూ వినలేదు. ఇంకోసారి కొట్టి, "అమ్మా! ఇది కాంగ్రెస్!" అన్నాడు.

"తెలుసు బాబూ" అంది ఓపల్. "అందుకే మెల్లగా పోట్లాడుకుంటున్నాం."

ఆయన సుత్తి పక్కన పెట్టేసి, కళ్ళజోడు తీసి, జేబురుమాలుతో తుడుచుకున్నాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడని విలేకరులు రాశారు. ఆయన తుడుచుకున్నది కళ్ళజోడు కాదని మాకు తెలుసు.

చివరికి మెక్‌ఆర్డిల్ వాళ్ళ గడప స్పోకేన్ ఆవిడకే వెళ్ళింది. ఆవిడ పేరు థెరెసా లింగెన్. తక్కిన పదహారూ నలుగురికి పంచాం. నేను సాక్షుల బల్ల దాటి, సభ్యుల వేదిక మెట్టెక్కి, తిన్నగా స్టిక్నీ ముందుకెళ్ళి, ఆయన చేతిలోంచి ఆ కార్డు తీసుకున్నాను. ఫ్లోసీ పేరు మీద నా నీలం పెన్సిలుతో ఒక గీత గీసి, కింద థెరెసా పేరు రాసి, కార్డు మళ్ళీ ఆయన చేతిలో పెట్టాను.

"ఖాళీ లేదు సార్" అన్నాను.

మెట్టు ఎక్కకూడదట. తర్వాత తెలిసింది. ఎవరూ ఆపలేదు.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "దరఖాస్తులో సభ్యుల సంఖ్య ఆరు వందల ముప్ఫై తొమ్మిదిగా సవరించడానికి ఎవరికైనా అభ్యంతరమా? లేదు. రెండో అంకె సంగతి..." అని ఆగాడు. "పదకొండు వేల మూడు వందల ఆరు. దాన్ని కొట్టేయడానికి నాకు మనసు రావడం లేదు. సంఘం చేసే పని ఏమిటో చెప్పే వాక్యంలో పెడదాం. ‘తెరిచి ఉన్న గడపలు’ అన్న మాటతో సహా."

చట్టంలో. మా మాట, మా వంటింటి బల్ల చుట్టూ పుట్టిన మాట, చట్టంలో!

ఓట్లు పిలిచారు. అయిదుగురు సభ్యులు. మొదటాయన అవునన్నాడు. కాగితాలు సర్దిన ఆవిడ, వాటిని మళ్ళీ విప్పేసుకుని, అవునంది. మూడో ఆయన అవునన్నాడు. మూడు చాలు, బిల్లు గట్టెక్కింది, అయినా పిలవాలి కనక అందర్నీ పిలుస్తారు. అధ్యక్షుడు తనది కూడా అవునన్నాడు. మిగిలింది స్టిక్నీ.

ఆయన చేతిలో ఆ కార్డు ఇంకా అలాగే ఉంది. గుమాస్తా రెండోసారి పేరు పిలిచాడు.

"అవును" అన్నాడు స్టిక్నీ.

అయిదుకి అయిదు! చప్పట్లు కొట్టరాదు అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుంది. ఆ అక్షరాల కిందే నిలబడి కొట్టాం. ఇగ్నేసియా ఎగిరి వెర్డెల్ మెడకి వేలాడింది. మాబెల్ కర్ర గాల్లో తిప్పితే ఒక విలేకరి తల తప్పించుకున్నాడు. ఇంకా పెద్ద కమిటీ ఉంది, సభ ఉంది, సెనేట్ ఉంది, అన్నీ తెలుసు. కానీ పన్నెండేళ్ళలో ఆరుసార్లు బిల్లు చచ్చింది ఈ గదిలోనే. ఈ గది దాటితే మిగతాదంతా దిగుడు మెట్లే అని పొద్దున్న మాకు కాఫీ అమ్మినాయన కూడా చెప్పాడు.

ఓపల్ కుర్చీలో కూలబడింది. ఏడుస్తోందా, నవ్వుతోందా, రెండూనా. నేను భుజం పట్టుకుంటే నా చెయ్యి విదిలించింది.

"మా అత్త సమాధి దగ్గరికెళ్ళి చెప్తానే" అంది ముక్కు చీదుకుంటూ. "అవునత్తా, కాకులమే. ఇప్పుడు కాంగ్రెస్ కాకులం."

ఆ మాట ఒకరి నోటి నుంచి ఒకరికి పాకి, రెండు నిమిషాల్లో గదంతా "కాంగ్రెస్ కాకులం" అంటూ కావు కావుమని అరవడం మొదలుపెట్టింది. అరవై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళు, చేతిలో టోపీలతో. ఇన్నేళ్ళలో అంత సంతోషంగా నేను ఎప్పుడూ అరవలేదు. గొంతు పోయింది, పోనీ.

రేకుపెట్టెలు లెక్కచూసి బండి మీదికి ఎక్కించడానికి నేను ఒక్కదాన్నే వెనక ఆగాను. మావాళ్ళు మెట్ల దగ్గర ఫొటోకి నిలబడుతున్న గోల వినబడుతోంది. ముప్ఫై ఎనిమిదీ లెక్కపెట్టి వరండాలోకి వచ్చేసరికి, కిటికీ దగ్గర గార్డ్‌నర్ స్టిక్నీ నిలబడి ఉన్నాడు.

"థాంక్స్ సార్" అన్నాను. గెలిచినవాళ్ళకి మర్యాద తేలిగ్గా వస్తుంది. "మీ ఓటు ఊహించలేదు."

"పెళ్ళికి ముందు మీ ఇంటిపేరేమిటి?"

నా నవ్వు ఆగిపోయింది.

"రూడ్" అన్నాను.

"ఆర్డిత్ రూడ్. ఇండియానా, హార్లన్ బెండ్." ఆయన ఆ పేరు నెమ్మదిగా, చాలాసార్లు పలికి అలవాటైనట్టు పలికాడు. "మీ పెట్టెలు వారం రోజులు నా గదిలోనే ఉన్నాయి. నేనే చూశాను, ఒక్కో కార్డూ. హార్లన్ బెండ్ కార్డులు ఇరవై రెండున్నాయి. మా ఊరి రాతి మీద యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు ఇరవై మూడు."

ఇన్ని వారాలుగా నా కథ చదువుతున్నారు. ఈ ఒక్క ముక్క మీకు కూడా దాచాను. ఓపల్‌కి చెప్పలేదు, నా మొగుడికి చెప్పలేదు. సబ్‌కమిటీలో స్టిక్నీ అనే పేరు చూసినప్పుడు, ఇండియానాలో స్టిక్నీలు బోలెడంతమంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నలభై నాలుగు డిసెంబరు. నాకు అప్పటికి పందొమ్మిదేళ్ళు. ఆ వారంలో అది నాలుగో టెలిగ్రాం. కూపర్స్ లేన్‌లో చివరి ఇల్లు. కిటికీలోంచి చూస్తే లోపల ఆవిడ వంటింటి బల్ల దగ్గర పిండి కలుపుతూ పాడుకుంటోంది. చెయ్యెత్తాను. తట్టలేకపోయాను. మూడుసార్లు ఎత్తి, మూడుసార్లు దించేశాను. ఆఖరికి కవరు తలుపు కింద నుంచి లోపలికి తోసి, సైకిలెక్కి పారిపోయాను. ఆ ఇంటికి నేను కార్డు రాయలేదు. ఆ గడపకి మళ్ళీ ఎన్నడూ వెళ్ళలేదు.

"సార్, నేను..."

"నాకు పదకొండేళ్ళు" అన్నాడాయన. "గుమ్మం దగ్గర ఆ కవరు కాళ్ళకి తగిలింది. అమ్మ చేతుల నిండా పిండి. ‘ఏమిట్రా అది, చదువు’ అంది. చదివాను."

కిటికీ అవతల మావాళ్ళు ఇంకా కావు కావుమంటున్నారు.

"మా అన్న పోయాడని అమ్మకి చెప్పింది నేను, మిసెస్ బెల్నాప్. ఆ తర్వాత ఏడాది పాటు ఆవిడ నా మొహంలోకి చూడలేదు. తప్పు నాది కాదని ఆవిడకీ తెలుసు. నాకూ తెలుసు. మీ బిల్లు పాడుచేద్దామనే ఈ రోజు వచ్చాను. కుర్చీలోంచి అందరికంటే ముందు లేచింది మీరు. అది చూశాక నా వల్ల కాలేదు."

ఆయన వరండాలో నాలుగు అడుగులు వేసి, ఒక తలుపు ముందు ఆగాడు. తలుపు మీద ఇత్తడి రేకు, దాని మీద ఆయన పేరు.

"అమ్మకి ఎనభై ఏడు. నిన్న రైల్లో వచ్చింది. మీరెవరో చెప్పాను. లోపల కూర్చుని ఉంది."

ఆయన వెనకే నడిచాను. తలుపు ముందు నిలబడ్డాను. ఆయన తెరుస్తాడనుకుని ఆగాను. ఆయన తెరవలేదు. చేతులు కట్టుకుని పక్కకి జరిగాడు.

"తట్టండి" అన్నాడు.